విసర్జన్: పరేడ్ చివర్లో వచ్చే ఆ మాట

పోయిన ఆదివారం మా మేనల్లుడు పరేడ్ నుంచి నేరుగా మా ఇంటికొచ్చాడు. డిగ్రీ మొదటి ఏడాది, ఎన్‌సీసీలో చేరి ఇంకా నెల కూడా కాలేదు. గుమ్మం దగ్గర బూట్లు విప్పుతూనే మొదలుపెట్టాడు. "మామయ్యా, సావధాన్, విశ్రామ్, దాహినే ముడ్ అన్నీ బాగానే ఉన్నాయి గానీ చివర్లో విసర్జన్ అంటారేంటి? మా వాళ్ళకి నవ్వు ఆగట్లేదు. నవ్వినందుకు ఇవాళ గ్రౌండ్ చుట్టూ మూడు రౌండ్లు కొట్టించారు. ఇంకో మాటే దొరకలేదా?"

వాడి బాధ నాకు బాగా అర్థమైంది. విసర్జన అనగానే తెలుగు పిల్లలకి ఏం గుర్తొస్తుంది చెప్పండి. బళ్ళో చదివిన విసర్జక వ్యవస్థ పాఠం, లేకపోతే ఊరి మొదట్లో గోడ మీద కనిపించే "బహిరంగ మలవిసర్జన రహిత గ్రామం" అన్న రాత. ఈ రెండు చోట్ల తప్ప రోజువారీ తెలుగులో ఆ మాట మనకి తగలదు. అలాంటిది ఎర్రటి ఎండలో రెండు గంటలు నిలబెట్టి, ఆఖరికి గొంతెత్తి "పరేడ్... విసర్జన్!" అంటే పద్దెనిమిదేళ్ళ పిల్లలు నవ్వకుండా ఎలా ఉంటారు?

మేమూ నవ్వాం. నేను క్యాడెట్‌గా ఉన్నప్పుడు మాకు డ్రిల్ నేర్పిన ఉస్తాద్‌ది గఢ్వాల్ వైపు. ఆయనకి తెలుగు రాదు, మాకు హిందీ అంతంతమాత్రం. మేం నవ్వుతున్నది పరేడ్ అయిపోయిందన్న సంతోషంతో అనుకుని ఆయన కూడా మాతోపాటు నవ్వేవాడు. ఆయన ఊళ్ళో ఆ మాటకి ఎంత గౌరవం ఉందో మాకెవరికీ తెలీదు, తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది, అప్పటినుంచి ఆ నవ్వు గుర్తొస్తే మనసులో కలుక్కుమంటుంది. అందుకే మేనల్లుడికి ఆ రోజు చెప్పినదంతా కాస్త వివరంగా ఇక్కడ రాస్తున్నాను.

ముందు డ్రిల్ సంగతి. పరేడ్ మధ్యలో కాసేపు వదలాలంటే "లైన్ తోడ్" అంటారు, వరస విడగొట్టమని. మంచినీళ్ళు తాగి, కాసేపు నీడలో కూర్చుని, మళ్ళీ అదే వరసలో వచ్చి నిలబడాలి. దీనికి సెల్యూట్ ఉండదు. విసర్జన్ అలా కాదు. ఆ రోజుకి పరేడ్ పూర్తయిందన్న మాట అది. ముందు సావధాన్‌లో నిలబడతారు, విసర్జన్ అనగానే అందరూ ఒక్కసారిగా కుడివైపు తిరుగుతారు, సెల్యూట్ చేస్తారు, ఒక్క క్షణం ఆగి, అప్పుడు విడిపోతారు. కొత్తలో ఈ చిన్న తేడా పట్టించుకోం. కానీ విషయమంతా ఆ సెల్యూట్‌లోనే ఉంది. మర్యాద చేసి పంపుతున్నారు, మర్యాద చేసి వెళ్తున్నారు.

ఇక మాట దగ్గరికొస్తే, దీని ధాతువు సృజ్. ధాతుపాఠంలో దానికి ఇచ్చిన అర్థం కూడా "విసర్గే" అనే ఉంటుంది, అంటే వదలడం అని. సృష్టి, సృజన అన్నవి కూడా ఈ ధాతువు నుంచే వచ్చాయి, లోపల ఉన్నదాన్ని బయటికి వదిలితేనే కదా సృష్టి. అం అః అని మనం చిన్నప్పుడు వల్లెవేసిన ఆ రెండు సున్నాల విసర్గ కూడా ఇదే మాట. దుఃఖం, అంతఃపురం అని పలికి చూడండి, ఆ రెండు సున్నాల దగ్గర కొంచెం ఊపిరి బయటికి వస్తుంది. ఆ ఊపిరి వదలడమే విసర్గ. మా వాడికి ఇది చెప్పగానే నోటి ముందు అరచెయ్యి పెట్టుకుని నాలుగుసార్లు దుఃఖం దుఃఖం అని చూసుకున్నాడు!

ఇతిహాసాల సంస్కృతంలో "విససర్జ" అన్న క్రియ కనిపిస్తూ ఉంటుంది. వింటి నుంచి బాణం వదిలినా విససర్జే, రాజు దూతకి కబురు చెప్పి పంపినా, సభకి వచ్చినవాళ్ళకి సెలవిచ్చి సాగనంపినా విససర్జే. రామాయణంలో పట్టాభిషేకం అయ్యాక వానరసేన అయోధ్యలోనే ఉండిపోదు కదా. యుద్ధం ముగిసింది, వచ్చిన పని పూర్తయింది, రాముడు వాళ్ళకి కానుకలిచ్చి, ఆదరించి ఎవరి చోటికి వాళ్ళని పంపుతాడు. సేనని విడుదల చేయడమంటే మన పెద్దల ఊహలో ఉన్న బొమ్మ ఇది. ఎవరినీ గెంటలేదు, ఎవరి పేరూ కొట్టేయలేదు.

పూజలో అయితే మొదట ఆవాహన, చివర విసర్జన. దేవుణ్ణి పిలుస్తాం, ఆసనం ఇస్తాం, కాళ్ళకి నీళ్ళిస్తాం, భోజనం పెడతాం, ఆ తర్వాత సాగనంపుతాం. ముంబైలో గణపతి విసర్జన్ అంటే ఎవరూ నవ్వరు, అక్కడది ఊరంతా కదిలే రోజు. మనం హైదరాబాద్‌లో నిమజ్జనం అంటాం, అది నీళ్ళలో ముంచడం గురించి చెప్పే మాట. పంపడం గురించి చెప్పడానికి తెలుగువాళ్ళం ఎంచుకున్న మాట ఉద్వాసన. వినాయక చవితి వ్రతం చివర్లో పుస్తకం చూసి చదువుతాం కదా, యథాస్థానం ఉద్వాసయామి అని, అంటే స్వామీ నీ చోటికి నువ్వు వెళ్ళు అని. దాని వెంటే పునరాగమనాయ చ అని కూడా అంటాం, మళ్ళీ రావడం కోసమే ఈ పంపడం.

ఇప్పుడు అదే ఉద్వాసన అన్న మాటని పేపర్లో చూడండి. మంత్రివర్గం నుంచి ఇద్దరికి ఉద్వాసన. కోచ్‌కి ఉద్వాసన. దేవుణ్ణి సాగనంపే మాట కాస్తా ఉద్యోగం పీకేయడానికి పర్యాయపదం అయిపోయింది. ఇంకో విచిత్రం చూడండి, ఈ గతి ఒక్క తెలుగు మాటకే పట్టలేదు. బర్ఖాస్తు అన్న పారసీ మాటకి మూలం లేవడం అన్న అర్థం, దర్బారు బర్ఖాస్తు అయిందంటే కొలువు ముగిసి అందరూ లేచారని. తర్వాత అదే మాట నౌకరీ నుంచి తీసేయడానికి కూడా వాడుకలోకొచ్చింది. డిస్మిస్ సంగతీ అంతే. ఇంగ్లిష్ డ్రిల్‌లో విసర్జన్‌కి సరిసమానమైన ఆజ్ఞ డిస్మిస్సే, లాటిన్‌లో దాని మూలానికి అర్థం "తలో దిక్కుకీ పంపడం" అని మాత్రమే. కానీ మన ఇళ్ళలో "వాణ్ణి డిస్మిస్ చేశారట" అంటే గొంతు తగ్గించి చెప్పుకునే విషయం. మూడు మాటలూ మర్యాదతో మొదలై అవమానం దగ్గర ఆగాయి. ఎందుకిలా జరుగుతుందో నాకు తోచిన కారణం ఒకటే, అధికారంలో ఉన్నవాడు పొమ్మంటే అది ఏ పొమ్మనడమో కిందివాడికి ఎప్పుడూ అనుమానమే.

డిస్మిస్ గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే నాకు ఒళ్ళు జలదరించింది. రోమన్ సైన్యంలో సైనికుణ్ణి కొలువు నుంచి విడుదల చేయడాన్ని మిస్సియో అనేవాళ్ళు. పంపడం అన్న క్రియ నుంచే వచ్చింది అది కూడా. పూర్తి కాలం మచ్చలేకుండా చేసినవాడికి దక్కేది హొనెస్తా మిస్సియో, గౌరవంగా పంపడం. గాయపడో జబ్బుపడో పనికిరాకుండా పోయినవాడికి ఒక రకం, తప్పు చేసి వెళ్ళగొట్టించుకున్నవాడికి ఇంకో రకం. అదే సామ్రాజ్యంలో క్రైస్తవులు పెరిగాక, లాటిన్‌లో జరిగే ఆరాధన చివర్లో గురువు "ఇతే, మిస్సా ఎస్త్" అనేవాడు, వెళ్ళండి, పంపడమైంది అని. ఆ మిస్సా అన్న మాటే ఆరాధన మొత్తానికి పేరైపోయింది, ఇంగ్లిష్‌లో మాస్ అంటున్నది దాన్నే. అంటే అక్కడ సైనికుణ్ణి ఇంటికి పంపే మాట, గుడి నుంచి భక్తుణ్ణి ఇంటికి పంపే మాట ఒకే కొమ్మకి పూశాయి. ఇక్కడ సైనికుణ్ణి ఇంటికి పంపే మాట, దేవుణ్ణి ఇంటికి పంపే మాట ఒకటే. ఒకరిని చూసి ఒకరు నేర్చుకున్నది కాదు ఇది. కూడినవాళ్ళు విడిపోయేటప్పుడు దానికి ఒక మాట, ఒక పద్ధతి ఉండాలని రెండు చోట్లా మనుషులకి తోచింది.

మాటకి ఎంత బలముందో రోమన్ సేనాని సీజర్ కథ చెప్తుంది. క్రీస్తుపూర్వం 47లో ఆయన సైనికులు, అందులోనూ ఆయనకి ప్రాణమైన పదో లెజియన్ అనే పటాలం, తిరగబడి రోమ్ దాకా వచ్చి మమ్మల్ని విడుదల చేయండని పట్టుబట్టారు. నిజంగా వెళ్ళిపోవాలని కాదు, ఆఫ్రికాలో ఇంకో యుద్ధం ముందుంది కాబట్టి సీజర్‌కి మేం కావాలి, అడిగింది ఇస్తాడని వాళ్ళ లెక్క. సీజర్ వాళ్ళ ముందుకొచ్చి సరే, విడుదల చేస్తున్నా అన్నాడు. అనడమే కాదు, ఎప్పుడూ "తోటి సైనికులారా" అని పిలిచేవాడు ఆ రోజు "క్విరితేస్" అన్నాడు, అంటే పౌరులారా అని. ఆ ఒక్క పిలుపుతో వాళ్ళు కూలిపోయారు. మేం పౌరులం కాదు, నీ సైనికులమే, మమ్మల్ని తీసుకెళ్ళు అని బతిమాలుకున్నారు. అడిగిన విడుదలే దొరికింది, కానీ సాగనంపే తీరు లేకుండా దొరికింది.

రోమన్ సహాయక దళాల్లో 25 ఏళ్ళు చేసి బయటికొచ్చిన సైనికుడికి పౌరసత్వం వచ్చేది, దానికి సాక్ష్యంగా రెండు కంచు రేకులు కలిపి కట్టి, ఏడుగురు సాక్షుల ముద్రలు వేసి ఇచ్చేవాళ్ళు. అలాంటి రేకులు ఇప్పటికీ తవ్వకాల్లో దొరుకుతున్నాయి. వాటిని చరిత్రకారులు డిప్లొమాలు అంటారు. రెండుగా మడిచినది అని ఆ గ్రీకు మాటకి అర్థం. మన పాలిటెక్నిక్ డిప్లొమా కూడా ఆ మాటే. ఇది చదివినప్పుడు నాకు మా వీధిలో ఉండే ఒక మాజీ సైనికుడి ఇంట్లో బీరువా గుర్తొచ్చింది. ఆయన డిశ్చార్జి బుక్కు మెత్తటి గుడ్డలో చుట్టి, దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, పట్టుచీరల కింద దాచి ఉంటుంది. పెన్షన్‌కైనా, వైద్యానికైనా, పిల్లల చదువు రిజర్వేషన్‌కైనా ముందు అదే తియ్యాలి. వరదలొచ్చినప్పుడు ఆ ఇంట్లో ముందు అటక మీదికి ఎక్కింది ఆ బుక్కే అని పిన్నిగారు చెప్పారు.

అయితే ఒక మనిషిని పంపడం వేరు, పటాలాన్నే లేకుండా చేయడం వేరు. ఇంగ్లిష్‌లో దానికి వాడే డిస్‌బ్యాండ్ అన్న మాట ఫ్రెంచి నుంచి వచ్చింది, జట్టుని విడగొట్టడం అని. తెలుగులో రద్దు చేశారు అంటాం. దీనికి మన చరిత్రలో మర్చిపోలేని ఉదాహరణ 1857 వసంతంలో బారక్‌పూర్. బెంగాల్‌లోని బరంపురంలో (ఒడిశా బరంపురం కాదు) ఉన్న 19వ బెంగాల్ నేటివ్ ఇన్‌ఫాంట్రీ అనే ఈస్టిండియా కంపెనీ సిపాయి పటాలం ఫిబ్రవరి చివర్లో కొత్త తూటాలు ముట్టనంది. మార్చి 31న వాళ్ళని బారక్‌పూర్ దాకా నడిపించి, ఎదురుగా ఫిరంగులు, తెల్ల పటాలం నిలబెట్టి, ఆజ్ఞ చదివి వినిపించి, తుపాకులు కింద పెట్టించారు. జీతం లెక్కగట్టి ఇచ్చారు, ఇంటికెళ్ళడానికి దారి ఖర్చులు ఇచ్చారు, యూనిఫాం ఒంటి మీదే ఉండనిచ్చారు. అక్కడి బ్రిటిష్ సేనాధికారి జనరల్ హియర్సే వాళ్ళతో మెత్తగానే మాట్లాడాడు, వెళ్తూ వెళ్తూ ఆ సిపాయిలు ఆయనకి జేజేలు పలికారట. దానికి రెండు రోజుల ముందే అదే బారక్‌పూర్‌లో 34వ పటాలానికి చెందిన మంగళ్ పాండే తుపాకీ ఎత్తాడు. మే 6న ఆ 34లో అక్కడున్న ఏడు కంపెనీలనీ రద్దు చేశారు, ఈసారి మెత్తదనం లేదు, యూనిఫాం విప్పించి పంపారు. నాలుగు రోజుల్లో, మే 10న, మీరట్ అంటుకుంది. అందుకు ఇదొక్కటే కారణం అని నేననను. కానీ యూనిఫాం విప్పించుకుని ఇంటిదారి పట్టిన ఆ వందలమంది దారి పొడుగునా ఊళ్ళకి ఏం చెప్పుకుంటూ వెళ్ళి ఉంటారో ఆలోచించండి.

ఇక్కడ తెలుగువాళ్ళకి చెప్పితీరాల్సిన సంగతి ఒకటుంది. ఆ రోజుల్లో ఉత్తరాదిన కంపెనీ సిపాయిని జనం "తిలంగా" అనేవాళ్ళు. తిలంగా అంటే తెలంగు, తెలుగువాడు! ప్లాసీ యుద్ధం నాటికి క్లైవ్ మద్రాసు నుంచి బెంగాల్‌కి తీసుకెళ్ళిన సిపాయిల్లో మనవాళ్ళు ఉండటంతో ఆ పేరు పడింది, తర్వాత అవధ్ వాడైనా, బీహార్ వాడైనా ఎర్రకోటు తొడిగితే తిలంగాయే. 1857లో ఢిల్లీ వీధుల్లో తిలంగాలొచ్చారు అంటే తిరగబడ్డ సిపాయిలొచ్చారని. వాళ్ళలో తెలుగు ముక్క వచ్చినవాడు బహుశా ఒక్కడూ ఉండడు, పేరు మాత్రం మనది.

రెండో ప్రపంచయుద్ధం అయ్యాక ఇంకో మాట వచ్చి చేరింది, డీమాబ్. డీమొబిలైజేషన్ అని అంత పొడుగు మాట సైనికుల నోట్లో అలా కుదించుకుపోయింది. కదలగలిగేది అన్న లాటిన్ మాట నుంచి సైన్యాన్ని కదిలించడం, దానికి ముందు ఇంకో ముక్క తగిలిస్తే కదలిక తీసేయడం. బ్రిటన్‌లో 1945 జూన్‌లో మొదలుపెట్టి, వయసుని, చేసిన కాలాన్ని బట్టి వంతులవారీగా పంపారు, ఒక్కొక్కరికీ సూటు, చొక్కా, టై, టోపీ, బూట్లు ఇచ్చి మరీ. మన దేశంలో అప్పటికి సైన్యం దాదాపు 25 లక్షలు, అంత సైన్యం మళ్ళీ ఊళ్ళకి రావాలి. గోదావరి జిల్లాలో మిలిటరీ మాధవరం లాంటి ఊళ్ళకి ఆ రోజుల్లో రైలు దిగి నడిచొచ్చినవాళ్ళని తలుచుకుంటే, డీమాబ్ అన్న మాట నాకు ఎందుకో యంత్రం ఆపినట్టు వినిపిస్తుంది. మనిషిని ఇంటికి పంపినట్టు ఉండదు. విసర్జన్‌లో ఉన్న చెయ్యెత్తి నమస్కారం అందులో లేదు.

ఇదంతా విని మా వాడు అడిగాడు, "సరే మామయ్యా, మరి దీన్ని తెలుగులో చెప్పాల్సొస్తే ఏమనాలి?"

నాకు వెంటనే తట్టలేదు. రాత్రి పడుకున్నాక తట్టింది, వీడుకొలుపు అని. పాత కావ్యాల్లో రాజులు చేసేది అదే, వచ్చినవాణ్ణి ఆదరించి, బట్టలు పెట్టి, వీడుకొలిపెను అంటారు. వీడుకోవడం వెళ్ళేవాడి పని, వీడుకొలపడం పంపేవాడి పని. ఇప్పుడు మనకి మిగిలింది వీడ్కోలు ఒక్కటే, అదీ పదో తరగతి పిల్లల ఫేర్‌వెల్ పార్టీ బ్యానర్ మీద. పంపేవాడి బాధ్యతని చెప్పే ఆ రెండో మాట జారిపోయింది. నాకైతే అది మళ్ళీ వాడుకలోకి రావాలని ఉంది, కనీసం తెలుగులో సైన్యం గురించి రాసేవాళ్ళు రద్దు, తొలగింపు అని రాసే ముందు ఒకసారి ఆ సందర్భానికి వీడుకొలుపు నప్పుతుందేమో చూసుకుంటే బాగుంటుంది.

పొద్దున్నే వాడికి చెప్పాను. నోట్‌బుక్ తీసి విససర్జ, వీడుకొలుపు, తిలంగా అని మూడూ ఒక పేజీలో రాసుకున్నాడు, వచ్చే ఆదివారం రిఫ్రెష్‌మెంట్ దగ్గర మా స్క్వాడ్‌లో చెప్తా అన్నాడు. కాలేజీకి టైమవుతోంది. గుమ్మం దగ్గర కూర్చుని బూట్ల లేసులు కట్టుకుని లేచి, "వెళ్తా మామయ్యా" అన్నాడు.

లోపల్నుంచి మా అమ్మ కేకేసింది. "వెళ్తా ఏంట్రా, వెళ్ళొస్తా అను."